గడ్డి ఎత్తు మీద పెట్టవ్వా

జనగామ జిల్లా పాలకుర్తి వైపు ఒక ఊళ్లో గాలికుంటు టీకాలు వేస్తున్నారంటే పొద్దున్నే వెళ్లాను. ఇనుప గొట్టాల బోనులోకి బర్రెలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. ఒక వాడ నుంచి మాత్రం ఒక్కటీ రాలేదు. డాక్టరమ్మ ఐసు డబ్బా పట్టుకుని అటే నడిచింది. వెంట నేనూ పోయాను.

కొట్టం ముందు కూర్చున్న అవ్వ లేవలేదు. "పోయినసారి సూదేసినంక మెడ వాసింది బిడ్డా. రెండు రోజులు గడ్డి ముట్టలే, పాలు సగమైనయ్. మల్ల ఎందుకు?"

డాక్టరమ్మ ఆ మాటను కొట్టిపారేయలేదు. వాపు నిజమేనంది. ఈ టీకా నూనెతో కలిసి ఉంటుంది. ఆ నూనె కండలో నిలిచి మందును కొద్దికొద్దిగా వదులుతుంది, రక్షణ కణాలు అక్కడికి చేరతాయి. గడ్డ, నొప్పి అందువల్లే. టీకా బలం నెలల తరబడి నిలిచేదీ అందువల్లే. ఒకే సూదితో మందనంతా పొడిస్తే వచ్చే చీముగడ్డ వేరు. అందుకే ఆమె ప్రతి పశువుకూ సూది మారుస్తోంది.

"ఆకలి లేక కాదవ్వా, మెడ వంచలేక తినలే. గడ్డి ఎత్తు మీద పెట్టు. కుడితి గోలెం కింద ఇటుకలు పెట్టు."

గుర్రాలు పెంచేవాళ్లకు ఇది తెలిసిన సంగతే. ధనుర్వాతం టీకాకు మెడ బిగిస్తే మేత ఛాతీ ఎత్తున కడతారు, నెమ్మదిగా నడిపిస్తారు. బర్రెకూ అంతే: మొదటి రోజు తడిగుడ్డ, తర్వాత గోరువెచ్చని కాపడం, కాసేపు నడక. గట్టిగా రుద్దకూడదు. జ్వరమొచ్చినా, గడ్డ పెరుగుతున్నా డాక్టరుకు చూపించాలి. నొప్పి మాత్ర సొంతంగా వేయకూడదు. పశువులకు డైక్లోఫెనాక్‌ను 2006లోనే నిషేధించారు. ఆ మందు పడిన కళేబరం తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చచ్చిపోయాయి. అవసరమైతే మెలాక్సికామ్ డాక్టరే రాస్తారు.

2019లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఈ టీకా ఆరు నెలలకోసారి వేయాలి. ఒకసారి భయపడ్డ రైతు మరోసారి పశువును దాచేస్తాడు. గాలికుంటు వస్తే పోయేది రెండు రోజుల పాలు కాదు, ఈతంతా. మహబూబాబాద్ తండాల్లో, భూపాలపల్లి అడవి పల్లెల్లో పశువైద్యశాల దూరం. అక్కడ టీకాతో పాటు ఈ నాలుగు మాటలూ చెప్పి తీరాలని నాకనిపించింది.

అవ్వ ఒప్పుకుంది గానీ, ఈసారి కుడిపక్క వెయ్యాలంది. డాక్టరమ్మ కుడిపక్కే వేసి, మూడో రోజు ఊళ్లో పశువులను చూసుకునే గోపాలమిత్రను పంపుతానని చెప్పి పక్క కొట్టానికి వెళ్లింది.