ముప్పు లెక్కలోకి రాని వారు

1978 ఆగస్టులో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జానెట్ పార్కర్ అనే ఫొటోగ్రాఫరుకు జ్వరం వచ్చి, ఒంటిమీద పొక్కులు లేచాయి. మొదట ఆటలమ్మ అనుకున్నారు. కాదు, మశూచి అని తేలింది. సెప్టెంబరు 11న ఆమె మరణించింది. మన దేశంలో మశూచి 1975లోనే ఆగిపోయింది. ప్రపంచంలో సహజంగా సోకిన చివరి కేసు 1977 అక్టోబరులో సోమాలియాలో కనబడింది. ఆ రోగి ఒక ఆసుపత్రి వంటవాడు, బ్రతికి బయటపడ్డాడు. మశూచితో మరణించిన చివరి వ్యక్తి మాత్రం ఒక పరిశోధనశాల ఉన్న భవనంలో ఫొటోలు తీసే ఈ ఉద్యోగిని.

ఆమె ఏనాడూ మశూచి వైరస్‌తో పని చేయలేదు. ఆమె గదికి క్రింది అంతస్తులో దానిమీద పరిశోధన జరిగేది. అది పైకి ఎట్లా చేరిందన్నది నేటికీ వివాదమే. విచారణ సంఘం గాలి గొట్టాలను అనుమానించింది. న్యాయస్థానంలో ఆ వాదన నిలబడలేదు. ఆమె తల్లికి కూడా వ్యాధి సోకి, తేలికగా తగ్గింది. తండ్రి నిర్బంధంలో ఉండగానే గుండె ఆగి పోయారు.

సూక్ష్మజీవశాస్త్రం బోధించిన రోజులలో ఏటా ఈ ఉదంతాన్ని తరగతిలో చెప్పేవాడిని. విద్యార్థులు వైరస్ గురించి ప్రశ్నలు వేసేవారు. ఫొటోగ్రాఫరు గురించి అడిగినవారు తక్కువ. నాకేమో ఆమెయే ముఖ్యం.

నా ఉద్యోగంలో చివరి కొన్నేళ్ళు పరిశోధక విద్యార్థులు సమర్పించే భద్రతా పత్రాలను పరిశీలించే బాధ్యత నాకు అప్పగించారు. ముప్పు అంచనా అని వాటికి పేరు. ఇందులో రెండు మాటలను వేరుగా గ్రహించాలి. ఒక పదార్థానికి హాని చేసే గుణం ఉండటం ఒకటి; ఆ హాని ఎవరికి, ఎంత సులువుగా, ఎంత తీవ్రంగా జరగవచ్చుననేది మరొకటి. బీరువాలో తాళం వేసి ఉన్న గాఢ ఆమ్లం, నేలమీద కూల్‌డ్రింకు సీసాలో పోసిపెట్టిన అదే ఆమ్లం గుణంలో సమానమే, ముప్పులో కావు. (ఆమ్లాలను, స్పిరిట్‌ను కూల్‌డ్రింకు సీసాలలో ఉంచే అలవాటు మన ప్రయోగశాలలను ఇంకా పూర్తిగా విడిచిపోలేదు.) విద్యార్థుల పత్రాలలో మొదటి భాగం చక్కగా ఉండేది, ఏ సూక్ష్మజీవి, ఏ రసాయనం అన్నీ వివరంగా వ్రాసేవారు. ‘ఎవరికి’ అన్న చోట మాత్రం ‘పరిశోధకునికి’ అని ఒక్క మాట ఉండేది.

ఒకసారి అటువంటి పత్రం చేతపట్టుకొని ఆ ప్రయోగశాలకే వెళ్ళాను. గాజుసామాను కడిగే ఆమె తొట్టి దగ్గర పనిలో ఉన్నది. వేళ్ళ కణుపుల మీద చిన్న చిన్న గుంటల వంటి పుండ్లు కనబడ్డాయి. ‘ఎన్నాళ్ళుగా ఉన్నాయమ్మా?’ అని అడిగాను. ‘ఆ నారింజరంగు నీళ్ళు తగిలితే వస్తాయండి డాక్టరు గారూ. నాలుగు రోజులు సెలవు పెడితే మానుతున్నట్టుంటాయి, మళ్ళీ మామూలే’ అన్నది. నారింజరంగు నీళ్ళంటే గాఢ గంధకామ్లంలో పొటాషియం డైక్రోమేట్ కలిపిన ద్రవం. గాజును మచ్చ లేకుండా శుభ్రపరచడానికి తరతరాలుగా వాడుతున్నదే. అది చర్మాన్ని కాలుస్తుంది. అందులోని క్రోమియం పుండ్లు చేస్తుంది, పైగా క్యాన్సర్ కారకం. కారణం, లక్షణం, సెలవులో తగ్గుదల అన్నీ ఆమె ఒక్క మాటలో చెప్పింది. వృత్తివ్యాధుల పాఠంలో మేము నేర్పేది అంతకంటే ఎక్కువేమీ కాదు. నా చేతిలోని పత్రంలో ఆ ద్రవం పేరు లేదు, ఆమె ప్రసక్తీ లేదు.

పరిశోధకునితో మాట్లాడితే, ‘తొడుగులు ఇచ్చామండి, ఆమే వేసుకోదు’ అన్నాడు. ఇచ్చినవి రోగులను పరీక్షించేటప్పుడు వాడే పలుచని రబ్బరు తొడుగులు. గాఢ ఆమ్లం ముందు అవి ఎంతసేపు నిలుస్తాయి? ఈ సందర్భంలో అతనికి కారెన్ వెటర్‌హాన్ గురించి చెప్పాను. అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో ఆమె రసాయనశాస్త్ర ఆచార్యురాలు. క్రోమియం వంటి లోహాలు శరీరకణాలను ఎట్లా దెబ్బతీస్తాయన్నదే ఆమె పరిశోధనాంశం. 1996 ఆగస్టు 14న, విషవాయువులను బయటకు లాగివేసే ఫ్యూమ్ హుడ్‌లోనే, లేటెక్స్ తొడుగులు ధరించి డైమిథైల్ మెర్క్యురీ అనే ద్రవాన్ని తీస్తుండగా ఒకటి రెండు చుక్కలు తొడుగు మీద పడ్డాయి. నాటి నియమాల ప్రకారం ఆమె జాగ్రత్తలో లోపమేమీ లేదు. దాదాపు ఐదు నెలలకు నడక తడబడింది, మాట తడబడింది. 1997 జూన్ 8న, 48 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. తరువాత పరీక్షించి చూస్తే, ఆ ద్రవం లేటెక్స్‌ను 15 సెకన్లలోపే దాటిపోతున్నది.

తొడుగు చివరి అడ్డుగోడ. దాని గురించి ఆలోచించే ముందు, ఈ పదార్థం అసలు అవసరమా, దీని బదులు మరొకటి పనికివస్తుందా, మనిషికీ దానికీ నడుమ యంత్రాన్ని గాని గాజు తలుపును గాని పెట్టగలమా అని వరుసగా అడగాలి. ఆ నారింజరంగు ద్రవం విషయంలో మొదటి ప్రశ్న దగ్గరే పని ముగిసింది. ప్రయోగశాలల కోసం తయారుచేసిన సబ్బు ద్రావణంలో రాత్రంతా నానబెడితే ఆ సామాను చక్కగా శుభ్రపడింది. ‘మా గురువుగారి కాలం నుండీ ఇదే వాడుతున్నాము’ అన్నదొక్కటే అంతవరకూ ఉన్న అభ్యంతరం.

యంత్రాల విషయంలోనూ ఒక మెలకువ అవసరం. లామినార్ ఫ్లో అనే బల్లలలో చాలావరకు శుద్ధిచేసిన గాలిని నమూనా మీదుగా పనిచేసేవారి ముఖం వైపు తోస్తాయి. అవి నమూనాను కాపాడతాయి, మనిషిని కాదు. క్షయ క్రిములున్న కళ్ళెను దాని ముందు తెరిస్తే క్రిములు నేరుగా ముఖానికే చేరుతాయి. మనిషినీ కాపాడేది బయోసేఫ్టీ క్యాబినెట్. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, ధరలో మాత్రం చాలా తేడా. గందరగోళానికి అదీ ఒక కారణమని నా అనుమానం.

ప్రమాదమంటే ఏదో పగలడం, ఒలకడం అని మనం అనుకుంటాము. 1976లో రాబర్ట్ పైక్ ప్రయోగశాలలలో సోకిన వ్యాధుల వివరాలు 3,921 కేసులవి క్రోడీకరించాడు. వాటిలో ఫలానా ప్రమాదం వలన అని గుర్తించగలిగినవి ఐదవ వంతుకు లోపే. మిగిలినవి ఎవరికీ తెలియకుండా, కంటికి కనబడని తుంపరల ద్వారా, ఎక్కువగా శ్వాసమార్గాన సోకి ఉంటాయని భావిస్తున్నారు. పశువుల నుండి వచ్చే బ్రూసెల్లా ఇందుకు పేరుపొందినది. క్రిములు పెరిగిన పళ్ళెం మూత తీసి వాసన చూసే పాత అలవాటు చాలు, అది సోకడానికి.

ఈ వ్యాసం చదివేవారి ఇళ్ళలో హైదరాబాదులోనో విదేశాలలోనో పరిశోధన చేస్తున్న పిల్లలు ఉండవచ్చు. ప్రయోగశాలలో తొడిగిన తెల్లకోటును ఇంటికి తెచ్చి చంటిపిల్లల బట్టలతో కలిపి ఉతకనీయకండి. రక్తపు నమూనాలతో పనిచేసేవారైతే హెపటైటిస్-బి టీకా మూడు మోతాదులూ వేయించుకొన్నారో లేదో అడగండి. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమాల ప్రకారం మన దేశంలో ఆ వ్యర్థాలను ఎత్తివేసే సిబ్బందికి కూడా ఈ టీకాను, ధనుర్వాతం టీకాను సంస్థయే వేయించాలి. కనుక చెత్తబుట్టలు ఖాళీ చేసే వారికి వేశారా అని కూడా కనుక్కోమనండి. మూడవ మోతాదు పూర్తయిన ఒకటి రెండు నెలలకు రక్తపరీక్ష చేయించుకొని, రక్షణ ఏర్పడినదో లేదో చూసుకోవాలి. ఫలితం 10 యూనిట్లకు తక్కువగా వస్తే టీకాలు మళ్ళీ వేయవలసి ఉంటుంది.