అయస్కాంతపు మోకులు

మా తరగతిలో నొక బాలిక యడిగిన మంచి ప్రశ్నకు మేము ప్రత్యుత్తర మీయక, పరిహాసము చేసి కూర్చుండబెట్టితిమి. ఈ సంచికను తలిదండ్రులు చదువుదురు, తోడి యుపాధ్యాయులును చదువుదురు. కావున ఈ సంగతి వ్రాయుటకు సంకోచము లేకపోలేదు. అయినను వ్రాయుచున్నాము.

2024వ సంవత్సరము వర్షాకాలమున పదవ తరగతికి అయస్కాంతత్వము బోధించుచుంటిమి. కాగితము క్రింద దండాయస్కాంతము నుంచి, పైని ఇనుపరజను చల్లి, ఏర్పడిన వంపు గీతలను చూపితిమి. "భూమియు నిట్టి యయస్కాంతమే. దాని క్షేత్రము కోటగోడవలె నిలిచి, సూర్యునినుండి వీచు కణముల గాలిని లోనికి రానీయదు" అంటిమి. ఇరువది యేండ్లుగా నిట్లే చెప్పుచున్నాము. శిక్షణ కళాశాలలో మేము వ్రాసికొన్న పాఠపథకమునందును ఈ కోటగోడయే యున్నది.

అప్పుడొక బాలిక లేచెను. ఆమె తండ్రి బోధను ప్రక్క గ్రామమున చెఱకు పండించు కౌలురైతు. ఆమె చేతిలో వార్తాపత్రికనుండి కత్తిరించిన చిత్రమొకటి యుండెను. అది 2024 మే 10వ తేదీ రాత్రి లడాఖులోని హాన్లే వేధశాల యొద్ద ఆకాశము ఎఱ్ఱబారిన చిత్రము. "గోడ యున్నచో, సార్, ఈ వెలుగు లోపలి కెట్లు వచ్చినది?" అని యడిగెను.

మాకు తెలియదు. తెలియదను మాట నోట రాలేదు. "గోడకు కన్నము నీవే వేసితివేమో" అంటిమి. తరగతి యంతయు నవ్వెను. ఆమె కూర్చుండెను. ఆ పిమ్మట దసరా సెలవుల వరకు ఏ పాఠమునందును ఆమె నోరు విప్పలేదు.

నవ్వినవారు మఱచిరి గాని మేము మఱవలేకపోతిమి. సెలవులలో దొరికిన గ్రంథములు చదివితిమి. ఆమె ప్రశ్నయే సరియైనది. మా గోడయే తప్పు. భూమి యయస్కాంత క్షేత్రమునకు సూర్యుని వైపున, సుమారు 60,000 కిలోమీటర్ల దూరమున, సరిహద్దు గలదు. సెకనుకు దాదాపు 400 కిలోమీటర్ల వేగమున వచ్చు సౌరపవనములో అధికభాగము అచ్చట ప్రక్కలకు మరలిపోవును. ఇంతవరకు గోడ నిజమే. కాని ఆ పవనము సూర్యుని యయస్కాంత క్షేత్రమును గూడ మోసికొని వచ్చును. దాని దిశ మన క్షేత్రమునకు ఎదురైనప్పుడు, సరిహద్దున ఇరువైపుల బలరేఖలు తెగి, ఒకదానితో నొకటి కలిసికొనునని 1961లో జేమ్స్ డంగీ యను శాస్త్రజ్ఞుడు చెప్పెను. (రేఖలనునవి మన మూహించుకొన్నవే, అయినను వానితో లెక్క చక్కగా కుదురును.) కలిసిన రేఖలు భూమి వెనుకకు ఈడ్వబడి, అచ్చట శక్తి కూడి, తుదకు కణములు ధ్రువముల వైపున దిగివచ్చి ఆకాశమును వెలిగించును. తుపాను మిక్కిలి పెద్దదైనచో ఆ వెలుగు హాన్లే వఱకును కనబడును.

ఆ దిశను ముందుగా కొలుచు పరికరము మన తెలుగుతీరమగు శ్రీహరికోటనుండియే వెళ్లినది. 2023 సెప్టెంబరు 2న ఎగసిన ఆదిత్య-ఎల్1 భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరమున, ఆరు మీటర్ల కడ్డీకి అయస్కాంతమాపకములను తగిలించుకొని సౌరపవనమున నిలిచియున్నది.

ఈ కలయిక ఒక్కచోట నెమ్మదిగా జరుగునది కాదు. రెండు మూడు చోట్ల నొకేసారి జరిగినప్పుడు నడుమ చిక్కిన క్షేత్రము మోకువలె పెనవేసికొనును. 1977లో నెగిరిన ఐసీ-1, ఐసీ-2 అను జంట నౌకలు సరిహద్దును దాటునపుడు, క్షేత్రము ఒకటి రెండు నిమిషములు మొదట వెలుపలికి, పిదప లోపలికి మొగ్గుటను రస్సెల్, ఎల్ఫిక్ అనువారు గుర్తించిరి. బుధగ్రహమున ఇట్టి మోకులు కొన్ని సెకనులకొకటి చొప్పున వరుసగా పోవుటను మెసెంజర్ నౌక కనుగొన్నది.

మా తండ్రిగారు బోధనులోని నిజాం చక్కెర కర్మాగారమునకు బండిపై చెఱకు తోలిరి. 1937లో స్థాపితమైన ఆ కర్మాగారము 2015లో మూతబడినది; వారు పేనిన జనుప మోకు మాత్రము మా యింట నేటికిని గలదు. సెలవుల పిదప దానిని తరగతికి తెచ్చితిమి. మొదట, మేము తప్పు చెప్పితిమనియు, ఆ బాలికను అకారణముగా నవ్వులపాలు చేసితిమనియు అందఱి యెదుట నొప్పుకొంటిమి. ఆమె తలయెత్తలేదు.

పిమ్మట మోకు చూపి యిట్లంటిమి: "ఒక చీమ దీనిని అడ్డముగా తొలుచుకొని పోవుచున్న దనుకొనుడు. ప్రవేశించునపుడు పురులు ఎడమకు వాలియుండును; నడుమ తిన్నగా నుండును; వెలువడునపుడు కుడికి వాలియుండును. ఆ నౌకలు చూచిన దిట్టిదే."

కొంతసేపటికి ఆమె లేచెను. "చీమ యొక్కటే యైనచో, సార్, మోకు ఏ దిక్కునుండి, ఎంత వేగముగా వచ్చినదో దాని కెట్లు తెలియును?"

ఈసారి, "మాకు తెలియదు, రేపు చెప్పెదము" అంటిమి.

మరునాడు చెప్పితిమి. ఒక్కదానికి తెలియదు. అందుచేతనే 2015 మార్చిలో ఎమ్.ఎమ్.ఎస్. అను పేర నాలుగు నౌకలను పంపిరి. మూడు త్రికోణపు మూలలను, ఒకటి వాని తలముపై నెత్తునను ఉండునట్లు, కొన్ని కిలోమీటర్ల యెడముతో అవి పోవును. మోకు దేనిని ముందు తాకెనో, దేనిని వెనుక తాకెనో చూచి, దాని దిక్కును వేగమును లెక్కకట్టుదురు.

నోటిమాట చాలదని పిల్లలను ఆవరణలోనికి తీసికొనిపోతిమి. ముగ్గురు త్రికోణముగా నేలపై నిలిచిరి. నాలుగవవాడు నడుమ బల్లపై నెక్కెను. ఇద్దరు మోకును చెరియొక కొనను పట్టి, బిగించి, వారిమీదుగా నడచిరి. తాకినవాడు తన సంఖ్యను కేక వేయవలెను. ఆ బాలిక వీపు త్రిప్పి నిలిచి, కేకల వరుసను మాత్రమే వినుచుండెను.

మొదటిసారి మోకు బల్లకు చిక్కుకొని పైవాడు క్రిందికి దుమికెను. అందఱును నవ్విరి, ఆమెయు నవ్వెను. రెండవసారి, "మూడు, ఒకటి, నాలుగు, రెండు" అను కేకలు వినబడెను. ఆమె కన్నులు మూసికొని క్షణమాలోచించి, "బావి వైపునుండి" అనెను. అది నిజమే. మోకు పట్టినవారు అటునుండియే నడచి వచ్చిరి.

"ఇంకొకసారి, సార్, ఈసారి మూలగా రానిండు" అని యామె యనుచుండగా గంట కొట్టిరి. మేము గంటను విననట్లే యుంటిమి.