సున్నం పని ఎవరు చేశారు?

మా తిమ్మాజిపేట నుంచి హైదరాబాద్ పోవాలంటే చిన్నప్పుడు జడ్చర్ల దాకా బస్సు, అక్కడి నుంచి రైలు. కాచిగూడ రాకముందే ఫలక్‌నుమా స్టేషన్ వచ్చేది. అబ్బా కిటికీలోంచి గుట్ట దిక్కు చెయ్యి చూపి "ఉధర్ హై మహల్" అనేవారు.

ఫలక్ అంటే ఆస్మాన్, నుమా అంటే చూపించేది. కుతుబ్‌నుమా దిక్కును చూపిస్తుంది కదా, అట్లా. మా ఉర్దూ మీడియం బడిలో ఉస్తాద్ చెప్పిన ఈ మతలబ్ రైల్లో చెబితే అబ్బా చాలా ఖుష్ అయ్యారు. ఆయన చదువుకోలేదు. మేస్త్రీ. దాదా దగ్గర డంగు సున్నం పని నేర్చుకున్నారు.

2010 నవంబర్‌లో ఆ మహల్ తాజ్ హోటల్‌గా తెరుచుకున్నప్పుడు మా పత్రికలో పెద్ద వ్యాసం రాశాను. పాయ్‌గా ఖాందాన్ నవాబ్ వికారుల్ ఉమ్రా 1884 మార్చి 3న పునాది వేయడం, ఇంగ్లీషు ఆర్కిటెక్ట్ నక్షా, తేలు ఆకారంలో పరుచుకున్న కట్టడం, ముందు ఐరోపా తరహా హాళ్ళు, వెనక జనానా, ఇటలీ పాలరాయి, ఇంగ్లండ్ విండ్సర్ కోటను చూసి చేయించిన లైబ్రరీ, 101 మంది కూర్చునే భోజనాల బల్ల, అన్నీ రాశాను. దాదాపు తొమ్మిదేళ్ళు కట్టిన ఆ ఇల్లు కట్టించినాయన ఖజానానే ఖాళీ చేసింది. చివరికి ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పరమైంది. మా పాలమూరు జిల్లాకు మహబూబ్‌నగర్ అన్న పేరు ఈయనదే. 1911లో ఆయన ఇంతెకాల్ కూడా ఆ మహల్లోనే. తర్వాత అది షాహీ మెహమాన్‌ఖానా. 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ బస చేసి వెళ్ళాక తాళాలు పడ్డాయి. ప్రిన్సెస్ ఎస్రా దగ్గరుండి చేయించిన మరమ్మతులతో మళ్ళీ ప్రాణం వచ్చింది.

పేపర్ తీసుకుని ఊరికి పోయి అబ్బాకు చదివి వినిపించాను. మొత్తం విని అడిగారు: "సబ్ ఠీక్ హై. చూనే కా కామ్ కౌన్ కరే బేటా?"

నా దగ్గర జవాబ్ లేదు. నవాబు పేరుంది, నిజాం పేరుంది, రాయి వచ్చిన ముల్క్ పేరు కూడా ఉంది. ఆ ఒక్కటీ లేదు.

అబ్బా గుస్సా కాలేదు. సున్నాన్ని ఎన్ని రోజులు నానబెట్టాలో, గానుగలో ఎట్లా తిప్పాలో, కరక్కాయ నీళ్ళు, బెల్లం ఎందుకు కలుపుతారో చెప్పారు. ఒక పూత ఆరకముందే ఇంకోటి వేస్తే గోడ బీటలిస్తుందట. "పత్తర్ ఓడలో వస్తుంది. కూలోళ్ళు కూడా ఓడలో వచ్చిన్రా?" అన్నారు. తర్వాత మెల్లగా, "ఒకసారి లోపలికి తీస్కపో. గోడ మీద చెయ్యి పెట్టి పాత పనేదో, కొత్త పనేదో చెప్తా."

ఇన్షా అల్లాహ్ అన్నాను. భోజనమో, గదో బుక్ చేసుకోవాలి. వచ్చే జీతానికి, వచ్చే ఈద్‌కి అనుకుంటూ జరుపుతూ పోయాను. ఒకసారి పని మీద వనపర్తి పోయినప్పుడు పాలిటెక్నిక్ కాలేజీగా మారిన రాజావారి మహల్ గోడను అబ్బా అరచేత్తో తడిమి, "పాత పనే" అని నవ్వారు. అదే ఆఖరు. నాలుగు నెలలకు ఆయన అల్లాహ్ దగ్గరికి వెళ్ళిపోయారు.

ఫలక్‌నుమా హోటల్ అయినందుకు నాకు షికాయత్ లేదు. తాళాలతో అట్లాగే ఉంటే ఏమయ్యేదో పాడుబడ్డ దేవిడీలను చూసిన మనకు మాలూమే. కసూర్ నాది. ఆస్మాన్‌ను చూపించే ఇంటి గురించి అంత రాసి, అబ్బాకు ఒక్క గోడ చూపించలేకపోయాను.

మొన్న మా అబ్బాయితో అదే రైల్లో వస్తుంటే స్టేషన్ పేరుకు అర్థం అడిగాడు. ఫలక్, నుమా రెండూ చెప్పాను. ఆ మహల్‌కు సున్నం పని చేసినవాళ్ళ పేర్లు నాకు తెలియవనీ, వాళ్ళు మీ దాదాలాంటి వాళ్ళేననీ చెప్పాను.

"దాదా లోపల చూశారా?" అన్నాడు.

లేదన్నాను.