రేవు దాటక ముందే



నిడదవోలులో బయలుదేరిన రైలు తణుకు, అత్తిలి, భీమవరం, పాలకొల్లు దాటి నరసాపురం చేరుతుంది. అక్కడితో పట్టాలు అయిపోతాయి. ఆ పైన వశిష్ఠ గోదావరి. ఆవలి గట్టున సఖినేటిపల్లి. ఇంకా దిగువకు పోతే అంతర్వేది, సముద్రం. పట్టాలు అయిపోయిన ఊరు గదా, ప్రయాణాలు కూడా ఇక్కడితో ఆగిపోతాయేమో అనిపిస్తుంది. కాని మొన్న జనవరిలో స్త్రీల సహవాస కూడికకు వెళ్ళి రెండు రోజులు ఉన్నప్పుడు, మేము నడచిన ప్రతి వీధిలోనూ ఎవరో ఒకరు కువైట్ పేరో, మస్కట్ పేరో, దుబాయి పేరో చెప్పారు. గోడమీద పెళ్ళిఫోటో ఉంటుంది, ఇంట్లో ఇల్లాలు ఉండదు. పిల్లలకు జడలు వేసేది అమ్మమ్మ.

ఈ ఊరికి పరదేశుల రాకపోకలు కొత్తవి కావు. పదిహేడవ శతాబ్దంలోనే పాలకొల్లులో డచ్చివారు, నరసాపురం ప్రక్కనున్న మాధవాయిపాలెంలో ఇంగ్లీషువారు వర్తకం చేశారు. ఆ మాధవాయిపాలెం పేరే ఇంగ్లీషు నిఘంటువులలో 'మడపొల్లం' అనే నూలుబట్ట పేరుగా నిలిచిపోయింది. వారు సరకు కొన్నారు, ఓడ ఎక్కించారు, వెళ్ళిపోయారు. ఉండిపోవడానికి వచ్చినవారు వేరు. 1836లో ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ గారి వెంట ఇంగ్లండు విడిచి, మద్రాసు చేరి, మచిలీపట్నం మీదుగా ఇక్కడికి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ గార్లు అట్టివారు. డెవన్ జిల్లాలోని బార్న్‌స్టేపుల్ నుండి భార్యలతో వచ్చిన సామాన్యులు. అప్పటికి ధవళేశ్వరం ఆనకట్ట లేదు. కాటన్ దొరగారు దానిని మొదలుపెట్టింది 1847లో, ముగించింది 1852లో. ఎండకు గాని వరదకు గాని ఏ అడ్డూ లేని దేశంలో వారు ముందుగా చేసిన పని తెలుగు నేర్చుకోవడం. బీర్ గారు 1853లో కన్నుమూశారు. బౌడెన్ గారు 1876 వరకు జీవించారు. గోదావరి డెల్టా మిషను చరిత్ర వారితో మొదలవుతుంది.

భాష ఒకటే అయినా, మతం ఒకటే అయినా పరదేశంలో కుదురుకోవడం తేలిక కాదు. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత పది పౌనుల టిక్కెట్టుతో లక్షలాది బ్రిటిషువారు ఆస్ట్రేలియాలో స్థిరపడడానికి ఓడలెక్కారు. రెండేండ్లు ఉండి తీరాలని షరతు. వారిలో నాలుగోవంతు మంది తిరిగి ఇంటికే వచ్చారని చరిత్రకారులు చెబుతారు. ఇక మన పల్లెనుండి, ఎనిమిదో తరగతితో చదువు మానిన ఒక చెల్లెలు, అక్షరం కూడా తెలియని భాష మాట్లాడే ఇంటిలో ఒంటరిగా కుదురుకోవాలంటే ఎంత సిద్ధపాటు కావాలి?

ఈ ప్రశ్న మాకు ఊరికే రాలేదు. రెండవ రోజు మధ్యాహ్నం సంఘ పెద్దగారి ఇంట్లో భోజనాలయ్యాక వసారాలో కూర్చున్నాము. నలుగురు స్త్రీలు లేసు అల్లుతున్నారు. మిషనరీల కాలంలో ఈ ప్రాంతానికి వచ్చిన ఈ పని దేశదేశాలకు వెళ్ళింది. మరియా మీస్ అనే జర్మను పరిశోధకురాలు ఈ అల్లికపని స్త్రీలమీద 1982లో ఒక పుస్తకమే ప్రచురించింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఇంత పేరున్నా, దారం తెచ్చి ఇచ్చేవారు ఒకరు, అమ్మేవారు ఒకరు. సూది పట్టిన చేతికి వచ్చేది స్వల్పం. అందుకే సూది ప్రక్కన పెట్టి పాస్‌పోర్టు పట్టుకుంటున్నారు.

ఆ నలుగురిలో ఒక చిన్న కోడలు ఉన్నది. ఇరవై ఆరేండ్లు. ఇద్దరు బిడ్డలు. భర్త ఆటో తోలుతాడు. అల్లుతూ అల్లుతూ తల ఎత్తి, "వచ్చే గురువారం కువైట్ వెళ్తున్నానండి, ప్రార్థన చెయ్యండి" అన్నది. ఏజెంటు డెబ్బయి వేలు అడిగాడట. ఇరవై వేలు ఇచ్చారట. మిగతా యాభై వేలకు నూటికి మూడు రూపాయల వడ్డీకి మాట్లాడుకున్నారట.

మేము ప్రార్థన చేస్తామని నోరు తెరవబోయేలోగా, పెద్దగారి వదినగారు అందుకున్నారు. ఆమె పదకొండేండ్లు కువైట్‌లో రెండిళ్ళలో పనిచేసి వచ్చిన మనిషి. "ప్రార్థన తర్వాత చేద్దురు గాని, ముందు ఆ వీసా కాగితం ఇలా తే" అన్నారు. ఆ పిల్ల లోపలికి వెళ్ళి తెచ్చింది. ఆమె కళ్ళద్దాలు పెట్టుకొని చూసి, "ఇది దుబాయికి విజిట్ వీసానే అమ్మాయ్, కువైట్‌కి కాదు" అన్నారు.

"ఆయ్, దుబాయిలో దిగాక అక్కడ మార్పిస్తారన్నారు పిన్నీ."

"మారుస్తారు. నిన్నే మారుస్తారు, ఒకరి చేతిలోనుంచి ఇంకొకరి చేతికి."

వసారాలో అందరి సూదులూ ఆగిపోయాయి. ఆ తరువాత ఒక గంటసేపు ఆమె చెప్పినది మేము నోటుపుస్తకంలో వ్రాసుకున్నాము. చట్టాల సంగతులు మేము సరిచూసుకొని, మన కుటుంబాల మేలు కోరి ఇక్కడ పొందుపరచుచున్నాము.

మొదటిది, కాగితం. పదవ తరగతి ప్యాసు కానివారికి సాధారణంగా ఈసీఆర్ పాస్‌పోర్టు వస్తుంది. అట్టివారు గల్ఫు దేశాలకు పనికి వెళ్ళాలంటే ప్రభుత్వపు వలస అనుమతి తప్పనిసరి. ఈసీఆర్ పాస్‌పోర్టుగల స్త్రీ ఇంటిపనికి వెళ్ళాలంటే ముప్పయి ఏండ్లు నిండాలి. అదీ ప్రైవేటు ఏజెంటు ద్వారా కాదు, ప్రభుత్వం గుర్తించిన సంస్థల ద్వారానే. మన రాష్ట్రంలో అట్టి సంస్థ ఓంక్యాప్. వయస్సు చాలనివారినే విజిట్ వీసామీద పంపుతారు. విజిట్ వీసామీద ఇంటిపనికి వెళ్ళిన స్త్రీకి ఒప్పందం ఉండదు, జీతానికి సాక్ష్యం ఉండదు. సరైన దారిన వెళ్ళేవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంది. రెండేండ్లకు 275 రూపాయలు కడితే 10 లక్షల రూపాయల ప్రమాద బీమా. వీసా, ఒప్పందం, పాస్‌పోర్టు నకళ్ళు రెండు జతలు తీయించి, ఒకటి ఇంట్లో, ఒకటి పాస్టరుగారి దగ్గర ఉంచాలి.

రెండవది, మూట. మన వంటింట్లోని గసగసాలు అక్కడ మత్తుమందు క్రింద లెక్క. మసాలాపొడిలో కలిపి కూడా తీసుకుపోరాదు. నొప్పికి, నిద్రకు వాడే మాత్రలు కొన్ని అక్కడ నిషేధం. డాక్టరు చీటీ లేకుండా ఏ మందూ పెట్టెలో పెట్టరాదు. "మా అక్కకి ఈ పచ్చడి సీసా ఇవ్వమ్మా" అని విమానాశ్రయంలో ఎవరైనా పొట్లం ఇస్తే, ఎంత బంధువులైనా విప్పి చూడకుండా తీసుకోరాదు. పెట్టె ఎవరి చేతిలో ఉంటే నేరం వారిదే.

మూడవది, నాలుక. "అయ్యలు ఓడ దిగి మన తెలుగు నేర్చుకోలేదా? మనం విమానం ఎక్కకముందే నాలుగు ముక్కలు నేర్చుకోకూడదా?" అన్నారామె. మాయ్ అంటే నీళ్ళు. తాల్ అంటే రా. రూహ్ అంటే వెళ్ళు. ష్వయ్ అంటే కొంచెం. ఖలాస్ అంటే అయిపోయింది. మా ఆరిఫ్ అంటే నాకు తెలియదు. తెలియనిదానికి తల ఊపడం కంటే 'మా ఆరిఫ్' అనడం మేలట. ఇంటి యజమానురాలిని 'మామా' అని, యజమానిని 'బాబా' అని పిలుస్తారు. "మొదటి వారం ఆవిణ్ణి మామా అని పిలవాలంటే మా మావగారే గుర్తొచ్చి నవ్వాగేది కాదు" అని చెబితే అందరమూ నవ్వాము. ఆ పిల్ల కూడా నవ్వింది.

నాలుగవది, ఆ ఇంటి తీరు. కువైట్‌లో ఇంటిపనివారి కోసం 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. రోజుకు పన్నెండు గంటలకు మించి పని చెప్పరాదు. వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి జీతంతో సెలవులు ఇవ్వాలి. పని మానేటప్పుడు ఏడాదికి ఒక నెల జీతం చొప్పున కట్టి ఇవ్వాలి. పాస్‌పోర్టు యజమాని దాచుకోరాదు. కనీస జీతం 60 దినార్లని 2016లో నిర్ణయించారు. "చట్టం ఉంది గాని, తలుపు వెనకాల ఏం జరుగుతుందో చట్టానికి కనిపించదు. హక్కు తెలిసినదానివైతే అడగడానికైనా నోరు వస్తుంది" అన్నారామె. రంజాను నెలలో పగటివేళ బహిరంగంగా తినడం, త్రాగడం అక్కడ నేరం. ఆ నెలలో వంటపని అర్ధరాత్రి దాటుతుంది. అది ముందే తెలిసి ఉంటే ఏడుపు రాదు. అక్కడ సెలవు శుక్రవారం. గుడి కూడా శుక్రవారమే. కువైట్ నగరంలోని నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణలో అనేక భాషల సంఘాలు కూడుతాయి, తెలుగువారు కూడా. "ఆ పూట తెలుగులో పాట విన్నానంటే వారమంతా నడిచేది. ఇంట్లో మాత్రం మన భక్తిని మన పనిలోనే చూపించాలి, వాదనల్లో కాదు" అన్నారు.

అయిదవది, ఆపద. కొట్టినా, జీతం ఇవ్వకపోయినా, తెలిసినవారి మాట విని ఇల్లు వదలి పారిపోయి వేరేచోట పనికి కుదరరాదు. యజమాని పరారీ కేసు పెడతాడు. అకామా పోతుంది, తిరిగి వచ్చే దారి మూసుకుపోతుంది. అట్టి స్థితిలో చిక్కుకున్నవారి కోసమే కువైట్ ప్రభుత్వం 2018లోను, మరల 2024లోను క్షమాభిక్ష ప్రకటించవలసి వచ్చింది. పోవలసినది మన రాయబార కార్యాలయానికి. ఇంటిపని స్త్రీలకు అక్కడ ఆశ్రయం ఉంది. ఇంట్లోవారు ఇక్కడినుండి మదద్ అనే ప్రభుత్వ ఏర్పాటు ద్వారా ఫిర్యాదు పెట్టవచ్చును.

ఆరవది చెప్పేటప్పుడు ఆమె గొంతు తగ్గింది. డబ్బు. "మొదటి అయిదేళ్ళు పంపిందంతా ఆయన పేరుకే పంపాను. వచ్చి చూస్తే గోడలు లేవు, అప్పులున్నాయి. పిల్లోడు నన్ను చూసి నాయనమ్మ కొంగు వెనకాల దాక్కున్నాడు. తర్వాత ఆరేళ్ళు నా పేరుమీద పాసుబుక్కు పెట్టుకున్నాను. ఇదిగో ఈ రెండు గదులూ ఆ ఆరేళ్ళవే." బయలుదేరేముందే పొదుపు ఖాతా తన పేర తెరవాలి. ఎన్నేండ్లు ఉంటానో, దేనికోసమో కాగితంమీద వ్రాసి భర్త, అత్తగారు, తాను సంతకాలు చేసుకోవాలి. పిల్లలతో మాట్లాడే వేళ ఒకటి పెట్టుకోవాలి. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనుక. మనకు రాత్రి తొమ్మిదిన్నర అయితే వారికి ఏడు.

చివరకు ఆమె ఒక మాట అన్నారు. "పోయే దారి ఏజెంటు చూపిస్తాడు. వచ్చే దారి మనమే చూసుకోవాలి. ఆ దారి కనబడకపోతే రేవు దాటకు."

బబులోనుకు చెరపోయినవారికి యిర్మీయా ప్రవక్త వ్రాసిన ఉత్తరం మాకు జ్ఞాపకం వచ్చింది. 29వ అధ్యాయము మీరూ తీసి చదవండి. అందులో వట్టి ఓదార్పు మాత్రమే లేదు. ఇల్లు, తోట, సంసారం గురించిన మాటలున్నాయి, తిరిగి వచ్చే దినం గురించిన మాట కూడా ఉన్నది. పరదేశంలో ఉన్నవారికి మనం పంపవలసిన ఉత్తరం అట్టిదే. ప్రార్థన చేస్తామని చెప్పి, వీసా కాగితం చదవకుండా పంపివేయడం మన సంఘాలలో జరుగుతున్న పొరపాటు. మేమూ ఆ రోజు అదే చేయబోయాము. ప్రతి సంఘంలోను ఆంగ్లం చదువగల ఒకరిద్దరు యౌవనస్థులుంటారు. వెళ్ళబోయేవారి కాగితాలు చదివిపెట్టే పని వారికి అప్పగించరాదా?

ఆ పిల్ల సంగతి అడుగుతారు. సాయంకాలం మేము రేవు దగ్గర నిలబడి పంటు ఆవలి గట్టుకు పోవడం చూస్తుండగా ఆమె అత్తగారితో వచ్చింది. అత్తగారికి కోపంగా ఉన్నది. "ఇచ్చిన ఇరవై వేలూ ఎవరిస్తారండీ?" అన్నది. మా దగ్గర జవాబు లేదు. వదినగారే చెప్పారు: "పోయింది ఇరవై వేలు వదినా. గురువారం పంపితే పోయేది కోడలు."

గురువారం ఆమె వెళ్ళలేదు. ఆ డబ్బు ఇంతవరకు తిరిగి రాలేదు. ఆటో అప్పు అలాగే ఉన్నది. పగలు లేసు అల్లుతూ, ఓపెన్ స్కూలులో పదవ తరగతికి కట్టిందని ఈ మధ్య ఫోనులో తెలిసింది. ప్యాసయ్యాక, కాగితాలు సరిగా ఉంటే వెళ్తానంటున్నది. వెళ్ళవద్దని మేము అనలేదు. లేసు కూలితో ఇద్దరు బిడ్డలను చదివించమని ఏ నోటితో చెప్పగలము? పెద్దకుమార్తె ఏడాది అమ్మ దగ్గరే పడుకుంటుందని మాత్రం సంతోషించాము.

మీ ఊళ్ళోనూ ఈ వారం ఎవరో ఒకరు పెట్టె సర్దుకుంటూ ఉండవచ్చును. ప్రార్థనకు వెళ్ళేటప్పుడు కళ్ళద్దాలు కూడా వెంట తీసుకువెళ్ళండి.