గోడను నిమిరి చూడండి

ఉగాది దగ్గర పడిందంటే మా అమరాపురంలో ఎవరింట్లో సామాన్లు చూసినా వీధిలోనే ఉంటాయి. సరిహద్దు ఊరు గదా, సగం మాట కన్నడంలోనే నడుస్తుంది. "సుణ్ణ బణ్ణ ఆయ్తా?" అని పలకరింపు. సున్నం, రంగు అయిపోయాయా అని. నోట్లో జంటగా తిరిగే ఈ రెండింటికీ గోడ మీద మాత్రం పడదండీ. ఆ సంగతి తెలుసుకోవడానికి నాకు ఒక ఉగాది ఖర్చయింది.

మాది తాతల నాటి మిద్దె. రాతి గోడలు, వాటి మీద ఏటేటా కొట్టిన సున్నం. ఒక ఏడు నాకు సోకు పుట్టి, ఆ సున్నం మీదనే ఎమల్షన్ రెండు కోటింగులు వేయించినాను. పండగనాడు చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. వానలు పడి దీపావళి వచ్చేసరికి, పాము కుబుసం విడిచినట్టు పొరలు పొరలుగా ఊడింది.

తర్వాత పిలిపించిన పెయింటరు డబ్బా మూతే తీయలేదు. అరచేత్తో గోడ నిమిరి నాకు చూపించినాడు. విభూతి పూసుకున్నట్టు తెల్లగా ఉంది. "రంగు పొడిని పట్టుకునింది సార్, గోడను పట్టుకోలేదు" అన్నాడు.

సున్నాన్ని తిడుతున్నానని అనుకునేరు! తడి సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్లీ రాయి అవుతుంది. కానీ దానికి తడి ఉండాలి, నిదానం ఉండాలి. గోడ తడపకుండా మన ఎండల్లో మందంగా కొట్టేస్తే, రాయి కాకముందే ఆరి పొడిగా మిగులుతుంది. హిందూపురం పక్కన లేపాక్షి వీరభద్రాలయం కప్పు చూడండి. అచ్యుతదేవరాయల కాలం (1529–1542) నాటి పని. రాతి కప్పుకు ముందు సున్నపు గచ్చు పట్టించి, ఆ పైన బొమ్మలు వేశారు. అక్కడక్కడా రాలినా, మిగిలినవి ఇప్పటికీ మెడ నొప్పెట్టేదాకా చూడాలనిపిస్తాయి. కింద ఉన్నది గట్టిదైతే అట్లుంటుంది.

ఇక మా ఇంట్లో నాలుగు దినాలు గీకుడే గీకుడు. ఎమల్షన్ కింద పసుపు సున్నం, దాని కింద అక్క పెళ్లికి వేయించిన గులాబీ రంగు సున్నం, ఆ కింద నీలిమందు కలిపిన సున్నం. ఒకచోట నాయన పెన్సిలుతో రాసుకున్న పాల లెక్క బయటపడింది. అమ్మ దాన్ని గీకనీయలేదు. దీపపు గూట్లో నూనె జిడ్డు మీద ఏ రంగూ నిలవదు కాబట్టి సోడా నీళ్లతో రెండుసార్లు కడిగినారు. స్నానాలగది పక్క గోడకు ఉప్పు పొంగింది. అక్కడ పైపు కారుతోంది. అది బాగుచేసి, గోడ ఆరేదాకా పది దినాలు ఆ గది జోలికే పోలేదు. చెమ్మ లోపల పెట్టి రంగుతో మూస్తే అది ఎట్లయినా బయటికి తోసుకొస్తుంది.

నడవలో నడుమెత్తు వరకు పాత ఆయిల్ పెయింటు. దాన్ని పొడిగా రుద్దనిస్తే ఒట్టు! ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్లలో 90కి మించకూడదనే నిబంధన 2016లో వచ్చి, 2017 నవంబరులో అమలైంది. అంతకు ముందటి రంగుల్లో ఎంత ఉందో ఎవరు చూసొచ్చారు? పిల్లల్ని మేనత్త ఇంటికి పంపించి, గోడ తడుపుతూ ఉప్పుకాగితంతో రుద్దించినాను.

ఆ తర్వాత గుంటలకు లప్పం, మళ్లీ ఉప్పుకాగితం, తడిగుడ్డతో దుమ్ము తుడుపు, ప్రైమరు. ఇవన్నీ ఎవరి కంటికీ ఆనవు. చూడ్డానికి వచ్చిన చుట్టాలు "ఇంకా మొదలే పెట్టలేదా?" అని అడిగిపోయినారు.

చివరికి పెయింటరు మళ్లీ అరచేత్తో గోడ నిమిరినాడు. చెయ్యి శుభ్రంగా ఉంది. "డబ్బా తెప్పించండి సార్. ఏ రంగు?" అన్నాడు.

ఇంట్లో అది మాత్రం ఇంకా తేలలేదు.