మూడు రోజుల అతిథి

దుబాయ్ నుంచి హత్తా వెళ్లే దారిలో లహ్‌బాబ్ దగ్గర రోడ్డు పక్కన ల్యాండ్‌క్రూజర్లు బారులు తీరి ఆగుతాయి. డ్రైవర్లు దిగి నాలుగు టైర్లలోంచీ కొంత గాలి తీసేస్తారు. గాలి తగ్గిన టైరు వెడల్పుగా పరుచుకుని ఇసుకలో కూరుకుపోకుండా ఉంటుంది. పది నిమిషాల తర్వాత ఎర్రటి ఇసుక దిబ్బల మీద బండి ఎగిరి, జారి, పక్కకు ఒరుగుతుంటే వెనక సీట్లో వాళ్లకు కడుపులో దేవుతుంది. స్టీరింగ్ పట్టుకున్న పెషావర్ మనిషి మాత్రం పష్తో పాటలు వింటూ నింపాదిగా నడిపిస్తాడు.

పొద్దు వాలేసరికి ‘బెదూయిన్ శిబిరం’ చేరాం. తివాచీలు, దిండ్లు, హుక్కాలు, ఫొటోల కోసం ముస్తాబైన ఒంటె. కబాబులు కాల్చే వంటవాడిది నేపాల్. ఒంటె ముకుతాడు పట్టుకున్న కుర్రాడిది రాజస్థాన్. చివర్లో వేదిక మీద బెల్లీ డ్యాన్స్. ఈజిప్టు పేరుతో ప్రపంచమంతా తిరిగిన ఆ నాట్యానికీ ఇక్కడి ఎడారి తెగలకూ సంబంధం లేదు. ఎమిరేట్స్ వారి సొంత నృత్యం పేరు అయ్యాలా. మగవాళ్లు రెండు వరుసలుగా ఎదురెదురుగా నిలబడి, బల్లేలకు గుర్తుగా సన్నటి వెదురు కర్రలు పట్టుకుని, డప్పుల మోతకు లయగా తలలాడిస్తారు. శిబిరంలో దాని ఊసే లేదు. అసలు ఆ రాత్రి అక్కడ ఒక్క ఎమిరాతీ కూడా కనిపించలేదు. దేశ జనాభాలో పౌరులు సుమారు పదింట ఒక వంతేనని తెలిస్తే అది వింతనిపించదు.

మరి వాళ్ల సంస్కృతి చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి? తిరుగు ప్రయాణంలో డ్రైవర్‌నే అడిగితే ఒక్క మాటలో చెప్పాడు: అల్ ఐన్.

దుబాయ్ నుంచి గంటన్నర ప్రయాణం. ఒమన్ సరిహద్దును ఆనుకుని అబుదాబి ఎమిరేట్‌లో ఉన్న ఈ పట్టణం పేరుకు అర్థమే నీటి ఊట. ఇక్కడ ఆకాశాన్నంటే భవనాలు లేవు. ఊరి నడిబొడ్డున 1,200 హెక్టార్ల ఖర్జూర వనం ఉంది. అందులో చెట్లు లక్షన్నరకు దగ్గరగా ఉంటాయి. మట్టి గోడల మధ్య ఇరుకు బాటల్లోకి అడుగు పెట్టగానే ఎండ తగ్గి, ఎక్కడో కాలవ పారుతున్న చప్పుడు వినిపిస్తుంది. అల్ ఐన్‌లోని ఒయాసిస్సులను, హఫీత్, హిలీ, బిదా బింత్ సౌద్ పురావస్తు స్థలాలను యునెస్కో 2011లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఆ కాలవ పేరు ఫలజ్. కొండల పాదాల దగ్గర భూగర్భంలో దొరికిన నీటిని, మోటారు లేకుండా, నేల వాలును బట్టి సొరంగం గుండా తోటల దాకా పారించే పద్ధతి. నీరు నేల కింద నడుస్తుంది కనుక ఎండకు ఆవిరైపోదు. హిలీలో బయటపడిన ఫలజ్ వయసు సుమారు 3,000 ఏళ్లు. ఈ పద్ధతిలో పంచుకునేది నీటిని కాదు, కాలాన్ని. ఒక్కో తోటకు ఇన్ని గంటలని వంతు ఉండేది. పగలు నీడను బట్టి, రాత్రి చుక్కలను బట్టి లెక్క కట్టేవారు. తెలంగాణ పల్లెల్లో చెరువు తూము దగ్గర నిలబడి ఎవరి మడికి ఎంత నీరో తేల్చే నీరటి గుర్తొస్తాడు. అక్కడా ఇక్కడా తగాదాలను ఆపింది అందరూ ఒప్పుకున్న వంతే.

ఇప్పుడు భూగర్భ జలం పడిపోయింది. చాలా కాలవల్లో పారుతున్నది మోటార్లు తోడిపోసిన నీరే. పాత కాలవను బతికిస్తున్నది కొత్త డబ్బు.

ఆ డబ్బు రాకముందు ఈ ఎడారి ఎలా ఉండేదో జాహిలీ కోటలో తెలుస్తుంది. 1890లలో కట్టిన ఈ మట్టి కోటలో బ్రిటిష్ యాత్రికుడు విల్‌ఫ్రెడ్ థెసిగర్ తీసిన నలుపు తెలుపు ఫొటోలు ఉన్నాయి. 1940లలో బెదూయిన్ల తోడుతో రబ్ అల్ ఖాలీ మహా ఎడారిని ఆయన రెండుసార్లు దాటాడు. ఫొటోల్లో ఎండిపోయిన ముఖాలు, బక్కచిక్కిన ఒంటెలు, నీటి తోలు సంచులు. ఆ జీవితం పోయిందని థెసిగర్ చివరిదాకా బాధపడ్డాడు. కానీ ఆకలి అనుభవించినవారికి ఆ బాధ ఉండాల్సిన పనిలేదు. 1930లలో జపాన్ పెంపుడు ముత్యాలు మార్కెట్‌ను ముంచెత్తాక గల్ఫ్ ముత్యాల వ్యాపారం కుప్పకూలింది. అప్పటిదాకా ఆ ముత్యాలకు పెద్ద బజారు బొంబాయి. ఇక్కడ చెలామణీ అయింది కూడా మన రూపాయే. రిజర్వ్ బ్యాంక్ 1959లో ప్రత్యేకంగా ‘గల్ఫ్ రూపాయి’ అచ్చు వేయించింది. 1966లో రూపాయి విలువ తగ్గించాకే ఇక్కడ దాన్ని వదిలేశారు. అప్పట్లో సంపాదన కోసం సముద్రం దాటి ఇటు వచ్చింది వాళ్లు.

అబుదాబి నుంచి చమురు ఎగుమతి 1962లో మొదలైంది. 1946 నుంచి అల్ ఐన్ పాలన చూస్తూ ఫలజ్‌లు బాగు చేయించిన షేక్ జాయెద్ 1966లో అబుదాబి పాలకుడయ్యారు. 1971 డిసెంబరు 2న ఆరు ఎమిరేట్లు కలిసి ఒక దేశమయ్యాయి. మరుసటి ఏడు రస్ అల్ ఖైమా చేరింది. వేర్వేరు తెగలు, వేర్వేరు పాలకులు. వీరందరికీ ఉమ్మడిగా ఉన్నవి ఒంటె, డేగ, ఖర్జూరం, కాఫీ. అందుకే ఇక్కడ వారసత్వం మ్యూజియం వ్యవహారం కాదు, రాజ్య నిర్మాణ వ్యవహారం. డేగలకు పాస్‌పోర్టులు ఇస్తారు. అబుదాబిలో 1999 నుంచి డేగల ఆస్పత్రి నడుస్తోంది. యునెస్కో అమూర్త వారసత్వ జాబితాల్లోకి డేగల వేట 2010లో, సదూ నేత 2011లో, అయ్యాలా 2014లో, కాఫీ మర్యాద 2015లో, ఒంటెల పందేలు 2020లో చేరాయి. సొంత దేశంలో తామే మైనారిటీ అయిన జనానికి ‘మేమెవరం’ అన్న ప్రశ్నకు ఇవే జవాబు.

అయితే ఈ జవాబును రోజూ మేపి, కడిగి, కాపాడేది ఎవరు?

ఒంటెల సంతలో అది కళ్లకు కడుతుంది. ఇనుప కంచెల వెనక నల్లవి, తెల్లవి, తేనె రంగువి వందలాది ఒంటెలు. బేరమాడే యజమానులు తెల్లటి కందూరాల్లో ఉంటారు. గడ్డి మోసేవారిలో సూడానీలు, బలూచీలు, బంగ్లాదేశీలు, మనవాళ్లు ఉన్నారు. పందేలలో ఒకప్పుడు దక్షిణాసియా నుంచి తెచ్చిన పసిపిల్లలను జాకీలుగా ఒంటెల మీద కట్టేసేవారు. 2005లో ఎమిరేట్స్ దాన్ని నిషేధించి, యునిసెఫ్ తోడ్పాటుతో వెయ్యి మందికి పైగా పిల్లలను ఇళ్లకు పంపింది. ఇప్పుడు ఒంటె మూపున చిన్న రోబో కూర్చుంటుంది. యజమాని పక్కనే కారులో వెళుతూ రిమోట్ నొక్కితే అది కొరడా ఝుళిపిస్తుంది. వారసత్వాన్ని నిలబెట్టుకోవడానికి దానిలోని క్రూరత్వాన్ని తీసేయక తప్పదని ఆ చిన్న యంత్రం చెబుతోంది.

ఇళ్లలో, తోటల్లో పనిచేసేవారి కోసం 2017లో ఇక్కడ చేసిన చట్టం వంటవాళ్లు, డ్రైవర్లతో పాటు పశువుల కాపరులను, డేగలను సాకేవారిని కూడా పేర్కొంది. వారానికో రోజు సెలవు ఇవ్వాలంది. ఊరికి దూరంగా దిబ్బల నడుమ ఉన్న ఒంటెల కొట్టంలో ఆదివారమేదో సోమవారమేదో చెప్పేదెవరన్నది వేరే ప్రశ్న.

అలాంటి ఒక కొట్టానికే ఆ సాయంత్రం వెళ్లాం. సంతలో పరిచయమైన వృద్ధుడు పిలిచాడు. చాప మీద కూర్చోగానే గహ్వా వచ్చింది. యాలకులు వేసి కాచిన లేత రంగు కాఫీ, పంచదార ఉండదు. పక్కన ఖర్జూరాలు. ఎడమ చేత్తో కూజా, కుడి చేత్తో పిడి లేని చిన్న కప్పు. కప్పు నిండా పోస్తే మర్యాద కాదు. అడుగున కొంచెమే పోస్తారు, తాగగానే మళ్లీ పోస్తారు. పోస్తున్నది జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చిన మనిషి. నా నాలుగో కప్పు దగ్గర అతను నవ్వాడు.

“కప్పు ఊపు అన్నా. ఊపకపోతే పోస్తనే ఉంట.”

ఊపాను. కూజా పక్కకు జరిగింది. ఆ తర్వాత అతను అడిగిన మొదటి మాట “మనది ఏ ఊరన్నా?” మన పలకరింపే అంత. ఊరు, పని, పిల్లలు, జీతం మొదటి గుక్కలోనే తెలియాలి. వృద్ధుడు మాత్రం నేనెవరినో, ఎందుకొచ్చానో అడగలేదు. ఎడారిలో పాత కట్టుబాటు అది. గుడారానికి వచ్చినవాడు శత్రువైనా సరే, మూడు రోజుల దాకా తిండి పెట్టాలి, నీళ్లివ్వాలి, వివరాలు అడగకూడదు. నీటి బావికీ నీటి బావికీ మధ్య రోజుల ప్రయాణం ఉన్న చోట ఆ కట్టుబాటు లేకపోతే ఎవరూ బతకరు.

చీకటి పడ్డాక వృద్ధుడు కూజా తనే అందుకుని ఒక కప్పు పోసి జగిత్యాల మనిషికి ఇచ్చాడు. అతను చాప అంచున కూర్చుని తాగి, కప్పు ఊపి, ఒంటెలకు నీళ్లు పెట్టడానికి లేచాడు. ఇక్కడికి వచ్చి పదకొండేళ్లయిందట. ఏ ఒంటె ఈనబోతోందో, ఏది మేత ముట్టడం లేదో అర్బాబ్ కూడా తననే అడుగుతాడని చెప్పాడు. కొడుకు పదో తరగతికి వచ్చాడని, చూసి మూడేళ్లయిందని కూడా చెప్పాడు.

మూడు రోజుల అతిథిని ఇక్కడ ఎవరూ ఏమీ అడగరు. పదకొండేళ్ల అతిథిని మాత్రం రెండేళ్లకోసారి వీసా అడుగుతుంది.