మంచు ఆగిన మర్నాడే భయం

ఫిల్మ్‌నగర్‌లో కథ ఓకే అయిందంటే మంచుకొండల్లో ఒక పాట పడాల్సిందే అనుకున్న రోజులు చాలాకాలం నడిచాయి. ఆ పాటలు చూస్తూ జూబ్లీహిల్స్ బండరాళ్ల మధ్య పెరిగిన పిల్లలు ఎందరో ఇవాళ సియాటెల్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తున్నారు. శనివారం ఎండ కాసిందా, స్నోషూలు అద్దెకు తెచ్చుకుని, పులిహోర డబ్బా కట్టుకుని గంట దూరంలోని స్నోక్వాల్మీ పాస్‌కి బయల్దేరతారు.

భయపడాల్సింది సరిగ్గా ఆ ఎండకే. తుఫాను వెలిసి ఆకాశం తేటపడిన మొదటి రోజు, కొత్త మంచు ఇంకా కుదురుకోదు, చరియగా జారొచ్చు.

ఆ పాస్ ఉన్న కాస్కేడ్స్ సముద్రానికి దగ్గరి కొండలు. పసిఫిక్ తేమ వచ్చి ఇక్కడ కురుస్తుంది. 1998-99 సీజన్‌లో మౌంట్ బేకర్ స్కీ ఏరియాలో 1,140 అంగుళాల మంచు పడి ప్రపంచ రికార్డయింది. ఇక్కడ పడేది తడి మంచు, బరువెక్కువ. దానిమీద హవాయి వైపు నుంచి వెచ్చటి వాన (అక్కడివాళ్లు ‘పైనాపిల్ ఎక్స్‌ప్రెస్’ అంటారు) పడితే వాలు పట్టు తప్పుతుంది. ఈ కొండల్లోనే స్టీవెన్స్ పాస్ దగ్గర వెల్లింగ్టన్‌లో ఒకప్పుడు రెండు రైళ్లు రోజుల తరబడి మంచులో చిక్కుకున్నాయి. మంచు కాస్తా వానగా మారింది. 1910 మార్చి 1 తెల్లవారుజామున కొండ మీంచి జారిన చరియ ఆ రైళ్లను లోయలోకి తోసేసింది. 96 మంది చనిపోయారు. అమెరికా చరిత్రలో ఇంతటి మంచు చరియ ప్రమాదం మరొకటి లేదు.

చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద జారతాయి. ప్రాణాలు తీసేవాటిలో చాలామటుకు చనిపోయిన మనిషి అడుగుకో, పక్కవాడి అడుగుకో కదిలినవే. కాలు మోపగానే లోపల్నుంచి ధబ్‌మని మూగ చప్పుడు వచ్చినా, బూటు ముందు నుంచి పగులు గీతలా పరుగెత్తినా ఫొటో కోసం కూడా ఆగకూడదు. స్నోక్వాల్మీ పాస్ దగ్గర, వేసవిలో పిల్లలు సైతం నడిచే స్నో లేక్ దారి, చలికాలంలో చరియలు దిగే వాలుల కిందనుంచే పోతుంది.

కూరుకుపోయిన మనిషిని పది పదిహేను నిమిషాల్లో తీస్తేనే ఆశ. అంతలో హెలికాప్టర్ రాదు, తవ్వాల్సింది పక్కనున్నవాళ్లే. అందుకే నలుగురు వెళ్తే నలుగురి దగ్గరా బీకన్ (మంచు కింద నుంచీ సంకేతం పంపే పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార ఉండాలి, వాటిని వాడటం ముందే నేర్చుకుని ఉండాలి.

నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ చలికాలమంతా రోజూ ప్రమాద స్థాయిని ఒకటి నుంచి ఐదు దాకా ఉచితంగా ప్రకటిస్తుంది. మూడు అంటే మధ్యరకమేలే అనుకోకండి, ప్రాణాలు ఎక్కువగా పోయేది ఆ స్థాయిలోనే. మూడు కనబడిందంటే ఆ రోజుకి, పైన ఏటవాలు లేని చదును దారి చూసుకుని వెళ్లండి.